పంచదార బిస్కెట్లు

నిన్న సాయంత్రం పాలు మాడిన వాసన ఇల్లంతా నిండి, నేను చెంగుతో గిన్నె దించుతూ పిల్లలిద్దరినీ కసురుకుంటున్నప్పుడు, ఐదేళ్ల నా కూతురు వారపత్రిక చివరి పేజీ తెచ్చి చూపించింది. అందులో ఒక తల్లి, నలగని చీరలో, ఏదో డబ్బా పొడి కలిపిన పాలగ్లాసు కొడుక్కి అందిస్తున్నది. "అమ్మా, నువ్వు గీమె లెక్క నవ్వుకుంట ఎందుకియ్యవు?" అన్నది. మామూలుగానే అడిగింది. ఆ మాట ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. అలాంటిదే ఒకటి నేనూ అన్నదాన్ని.

మా బోధన్‌లో చెరుకు నరికే కాలం వచ్చిందంటే, రుద్రూర్ వైపు నుంచి వచ్చే ఎడ్లబండ్లు చక్కెర ఫ్యాక్టరీ గేటు దాకా బారులు తీరేవి, బండి వెనక నుంచి గడలు గుంజుకొని పళ్లతో చీల్చుకుంటూ మేము బడికి పోయేవాళ్లం, చెరుకు మడ్డి వాసన ఊరంతా కమ్ముకొని ఉతికిన బట్టలకు కూడా పట్టేది. మా బాపు ఫ్యాక్టరీ గోదాములో బస్తాలు మోసేవాడు. ఆయన విప్పి తగిలించిన అంగీకి కాసేపట్లోనే చీమలు పట్టేవి. బతుకమ్మ పండుగకు మా అమ్మ, మేము అవ్వ అనేవాళ్లం, రొట్టెలు నలిపి బెల్లం కలిపి మలీద ముద్దలు చేస్తే, వేళ్లకంటిన నెయ్యి కూడా వదలకుండా నాకేదాన్ని.

మూడో తరగతిలో ఆ ముద్దలు నాకు చేదయ్యాయి. కోస్తా నుంచి వచ్చిన ఆఫీసరు కూతురు సరళ బడికి బిస్కెట్ల డబ్బా తెచ్చేది. మూత మీద నవ్వే తల్లి బొమ్మ, కింద "మేలైన పంచదారతో చేసినవి, ప్రేమగల తల్లులు కొనేవి" అని అక్షరాలు. సరళ దాన్ని గట్టిగా చదివి, రోజుకొకరికి ఒక్క బిస్కెట్టు ఇచ్చేది. నా వంతు ఎన్నడూ రాలేదు. పంచామృతం తెలుసు గానీ పంచదార ఏమిటో మా ఇళ్లలో ఎవరికీ తెలియదు. ఐదు రకాల తీపి కలిపి కాచేదేదో అనుకున్నాను. ఆమె నున్నటి జడలు, తెల్లటి మేజోళ్లు, లెక్కల్లో మార్కులు అన్నీ దానివల్లే వచ్చాయని నమ్మి, ఆమె నములుతుంటే నేను పళ్లు కొరుక్కునేదాన్ని. ఒకరోజు అవ్వ పెట్టిన ముద్దను పక్కకు నెట్టి, "నీకు నా మీద ప్రేమ లేదు. ఉంటే పంచదార కొంటుండె" అన్నాను. అవ్వ ఆ ముద్దను తీసి గిన్నెలో పెట్టింది. బాపుతో, "గదేందో తెచ్చియ్యి, పిల్ల మొకం సూడలేకపోతున్న" అన్నది.

బాపు నన్ను వెంటబెట్టుకొని బజారులో కరీం సాబ్ దుకాణానికి పోయాడు.

"పంచదార ఉన్నదా, సాబ్?"

కరీం సాబ్ తక్కెడ వదిలేసి నవ్వాడు. "అరే మల్లన్నా, పొద్దంత నువ్వు ఈపు మీద మోసేది గదేనయ్యా. మనం శక్కర్ అంటం, గా దిక్కోళ్లు పంచదార అంటరు."

"గంత గొప్పది మోస్తున్ననా? నాకెవ్వలు జెప్పలే" అని బాపు కూడా నవ్వాడు. నవ్వుతూనే తువ్వాల తీసి, చెమట లేని మొహం తుడుచుకున్నాడు.

అంతటితో నా కుళ్లు పోవాలి. పోలేదు. మరునాడు సరళ డబ్బా తెరిస్తే, అది చక్కెరే అని తెలిసి కూడా నోరూరింది. ఆ అక్షరాలు రాసినవాళ్లు మా అవ్వను ఎన్నడూ చూడలేదు, అయినా ఆమెలో లేని లోటును నాకు చూపించగలిగారు. ఆ తర్వాత అవ్వ నాకు ఏది పెట్టినా, ఒక్క క్షణం నిలబడి నా మొహం చూసి పోయేది. అంతకు ముందు అట్లా చూసేది కాదు.

ఇప్పుడు బోధన్‌కు చెరుకు లారీల్లో వస్తున్నది. గడలు గుంజుకోవడానికి పిల్లల చేతులు అందవు. అవ్వ పోయి మూడేళ్లు. ఇక్కడ నిజామాబాద్‌లో నేను మలీద చేస్తే నా పిల్లలు వాసన చూసి లేచిపోతారు. ఇంత చదువు చదివి, ఇద్దరు బిడ్డల తల్లినై, కాగితం మీది ఆడమనిషిని చూసి మళ్లీ కుళ్లుకుంటున్నాను.

ఈ పొద్దున పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి, చేతికి గ్లాసులిచ్చి చెప్పాను: "గామెను సూస్తే నాకు కుళ్లు బిడ్డా. గామె ఫోటో దిగినంక ఆ పిలగాన్ని ఆడనే ఇడిసిపెట్టి ఇంటికి పోతది. నేను యాడికీ పోను. నవ్వు రానినాడు నవ్వకుంటనే ఇస్త. తాగుండ్రి."