చెవి వెనక గోకే చెయ్యి

ఆసుపత్రి వెనక శిక్షణ విభాగంలో పందులను సాకే ఆయనను అందరూ 'పెద్దాయన' అంటారు. పందికి మెదడు కింద సన్నని రక్తనాళాలు పుట్టుకతోనే ఉండలా అల్లుకుని ఉంటాయి. మనిషికి అలాంటి చిక్కు పడితే అది జబ్బు. తొడలోంచి సన్నని గొట్టం పంపి ఆ చిక్కును జిగురుతో మూయడం డాక్టర్లు ముందు పంది మీద నేర్చుకుంటారు.

పెద్దాయన వంతు ఒక్కటే. పందిని బెదరకుండా బల్ల దాకా తేవాలి. మత్తు ఎక్కేదాకా తల దగ్గర నిలబడి చెవి వెనక గోకాలి. పంతొమ్మిదేళ్లుగా ఆ చోటు ఆయనదే. ఆ బల్ల మీంచి లేచిన పంది లేదు. ఆ సంగతి ఆయన ఇంట్లో ఎత్తడు.

కిందటేడు తనే సిఫారసు చేసి మరదలిని పనిలో పెట్టించాడు. అదే కొంప ముంచింది. ఆమె బూట్ల చప్పుడు వింటే పందులన్నీ కమ్మీల దగ్గరికి చేరేవి. ఈయన వస్తే తల కూడా ఎత్తేవి కావు.

"ఏం మందు పెట్టావే వాటికి?"

"మందూ లేదు, మాకూ లేదు. నీలా ముటముటలాడను, అంతే. రా బావా, నీకూ చెవి వెనక గోకుతా, మెత్తబడతావు."

నవ్వాడు గానీ ఆ పూట అన్నం సయించలేదు. పైగా మత్తు డాక్టరమ్మ, "రేపు పంది ఎవరి దగ్గరికొస్తే తల దగ్గర వాళ్లే ఉంటారు," అంది.

మత్తుకు ముందు పంది కడుపు ఖాళీగా ఉండాలి. సాయంత్రం మరదలు తొట్టి బోర్లించి, పలక మీద 'మేత బంద్' అని రాసి వెళ్లింది. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చిన పెద్దాయన జేబులోంచి అరటిపండు తీశాడు. పంది పరుగున వచ్చింది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఇంకో మూడు పెట్టాడు.

తొమ్మిదింటికి పంది మరదలిని దాటుకుని నేరుగా ఆయన జేబు దగ్గరికి వచ్చింది. ఆమె మొహం చిన్నబోయింది. డాక్టరమ్మ సూది అందుకుంది. నిండు కడుపుతో మత్తిస్తే కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది ఆయనకు తెలియంది కాదు. పలక మీద ఉన్నది మాత్రం మరదలి చేతిరాత. తను నోరు మూసుకుంటే చాలు, పోయేది ఆమె ఉద్యోగం.

సూది చర్మానికి తగలబోతుండగా అన్నాడు: "ఆగండమ్మా. పొద్దున అరటిపళ్లు తింది. నేనే పెట్టాను."

శిక్షణ మర్నాటికి వాయిదా పడింది. మర్నాడు తల దగ్గర మరదలు నిలబడింది. పెద్దాయన తొట్లు కడగాల్సినవాడు, ఆ గది తలుపు అద్దానికి అతుక్కుపోయి చూశాడు. పంది చప్పుడు చేయకుండా మత్తులోకి జారింది.

"నీకోసమే వెతికింది బావా," అంది ఆమె ఇంటికి వెళ్తూ.

"నా జేబు కోసం. అయినా నువ్వు మరీ పైన గోకావు. రెండు వేళ్లు కిందికి గోకాలి," అన్నాడాయన, ఆమె వైపు చూడకుండా.