‘ఈడ’ అనే బుక్‌మార్కు

మూడేళ్లుగా మోస్తున్న బరువును ఈ రోజు దించబోతున్నాను. కాస్త సర్దుకుని కూర్చోండి. ఇందులో ద్రోహం ఉంది, మండే వేసవి ఉంది, మూడు ఊళ్ల నీళ్లు ఒక్క దెబ్బకు మాయమవడం ఉంది. మహాకావ్యమే అవుతుందని మొదట నాకూ అనిపించింది. కాదు. ఇది టెక్స్ట్ ఎడిటర్‌లో నేను చేర్చిన ఒక బుక్‌మార్కు సంగతి.

అనంతపురంలో బోర్ల నీటిమట్టాలు రాసిపెట్టే చిన్న ఆఫీసు మాది. అక్కడ కంప్యూటర్ల పని నాది. ఓబులేసన్న ఏళ్ల తరబడి ఎండలో తిరిగి, బోర్లలోకి టేపు వదిలి కొలిచినవాడు. మోకాళ్లు అరిగాక కంప్యూటర్ ముందు కుర్చీ దొరికింది. ఆ కుర్చీ అంటే ఆయనకు ప్రాణం. నల్ల తెర మీద కమాండ్లు కొట్టే షెల్ అంటే మాత్రం భయం. అందుకని అంకెలు రాసుకునే ఎడిటర్‌లో ఆయన కోసం రెండు బుక్‌మార్కులు పెట్టాను. ‘ఈడ’ నొక్కితే అంకెల ఫోల్డరు దగ్గర మన కంప్యూటర్ షెల్ తెరుచుకుంటుంది, ‘ఆడ’ నొక్కితే దూరాన ఉన్న సర్వర్ షెల్. ఆఫీసంతా మెచ్చుకుంది. అందరికంటే ఎక్కువగా నేనే మెచ్చుకున్నాను.

లోపం ఒక్కటే. నా బుక్‌మార్కు ఫోల్డరు పేరునే గుర్తుపెట్టుకుంది, అది ఏ కంప్యూటర్‌లోదో పట్టించుకోలేదు. రెండు చోట్లా ఫోల్డర్ల పేర్లు ఒకటే. సర్వర్‌లో ఉండి ‘ఈడ’ నొక్కితే సర్వర్‌లోనే ఉండిపోతారు. ఒక మధ్యాహ్నం ఓబులేసన్న అలాగే నొక్కి, మన కంప్యూటర్‌లోని పనికిరాని పాత నకళ్లనుకుని ఫోల్డరంతా తుడిచేశాడు. ఆ వేసవిలో మూడు ఊళ్లలో కొలిచిన అంకెలవి. వాటికి ఇంకో కాపీ తీయలేదు. వాన పడ్డాక మళ్లీ కొలిస్తే ఆ వేసవి తిరిగి రాదు.

ఆయన నన్ను పిలిచాడు. తెర చూడగానే తప్పు నాదని తెలిసిపోయింది.

“ఏమప్పా, నేను నొక్కింది ఈడనే గదా?”

“నొక్కే ముందు సూసుకోవద్దా అన్నా?”

“అంతేలేప్పా. కండ్లు పోతాండాయి నాకు.”

నేనన్నది అబద్ధం కూడా కాదు. అదే దానిలోని నేర్పు. ఎందుకు నోరు మూసుకున్నాను? ఉద్యోగం పోతుందనా? పోయేది కాదు, మహా అయితే ఓ వారం తిట్లు తినేవాణ్ణి. నవ్వులపాలవుతాననా? పొద్దస్తమానం ఊరందరి మీదా జోకులేసేవాడికి, తన మీద ఒక్క నవ్వు పడితే ఓర్చుకునే శక్తి ఉండదేమో. ఆ సాయంత్రమే లోపాన్ని గుట్టుగా సరిచేశాను. వారం తిరక్కుండా ఆయన్ని మళ్లీ రాప్తాడు వైపు బోర్ల మీదికి పంపారు, అవే మోకాళ్లతో.

చూపు బాగానే ఉందని కంటి డాక్టరు చెప్పాడట. అయినా పట్టుబట్టి అద్దాలు పెట్టుకున్నాడు. కనిపించినప్పుడల్లా తుడుచుకుంటూ ఉంటాడు. ఆయనకు ఇంకా చెప్పలేదు. మీకు చెప్పాను. కొంచెం తేలికగా ఉంది, సిగ్గుగానూ ఉంది.

బుక్‌మార్కు ఇప్పుడు సరిగ్గానే పనిచేస్తోంది. సవరణ ఒక్క లైను.