నిత్యానందం బాగుచేసిన కారు తలుపులు

యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క, మార్కాపురం పలకల వ్యాపారి రామసుబ్బయ్య తన కారును కొట్టంలో పెట్టించి, డ్రైవరు నిత్యానందాన్ని పని మాన్పించాడు. అప్పటినుంచి నిత్యానందం పలకరాయి గనిలో కూలికి పోతున్నాడు. యుద్ధం ముగిశాక ఒకరోజు, కారు తలుపులు పట్టేశాయి, వచ్చి చూడమని రామసుబ్బయ్య నుంచి కబురు వచ్చింది. మళ్లీ తన పని తనకు దొరికిందనుకున్నాడు.

పిడి తిప్పితే సగంలోనే ఆగిపోతోంది. నిత్యానందం తలుపు లోపలి అట్ట ఊడదీసి తాళం బయటికి తీశాడు. పాత గ్రీజు దుమ్ముతో కలిసి బంకలా గడ్డకట్టింది. కిరసనాయిలుతో శుభ్రంగా కడిగాడు. స్ప్రింగు ఎక్కించబోతే మాత్రం, గనిపనితో కాయలు కాసిన వేళ్లకు అది చిక్కనే లేదు. ఒకప్పుడు కళ్లు మూసుకుని చేసిన పని. మాటిమాటికీ జారవిడుస్తూ, సాయంత్రానికి ఎట్లాగో పూర్తిచేశాడు. తలుపులు మెత్తగా పడ్డాయి.

"అయ్యా, రేపటినుంచి రమ్మంటారా?" అని రామసుబ్బయ్యను అడిగాడు.

"కారు అమ్మేసినా, నిత్యానందం. తలుపులు సరిగా పడితేనే తీసుకపోతానన్నాడు కొన్నాయన, అందుకే పిలిపించినా. బస్సులున్నాయి గదా, ఇంక నాకు కారెందుకు?"

"కొన్నాయనకు డ్రైవరు..."

"ఉన్నాడంట."

ఇంటి దగ్గర భార్య ఎలీషబా ఎదురొచ్చింది. "ఏమన్నారు? ఎప్పుడు రమ్మన్నారు?"

"రమ్మనలేదు," అన్నాడు నిత్యానందం.

ఆమె అన్నం పెట్టింది. అతను కలిపి, తినలేక లేచిపోయాడు. తెల్లవారి గనికి పోయాడు.