తిమ్మన్న కోసిన తోలు వాషరు

తిమ్మన్న మంచి పనివాడని మా ఊళ్ళో ఇప్పుడు అందరూ అంటారు. మనిషి పోయాక పొగడడానికి మావాళ్ళకు ఖర్చేమీ లేదు. ఆ పొగడ్తల్లో నేను గొంతు కలపలేను. ఆయనకు అన్యాయం చేసిన ఇంట్లో పుట్టినవాణ్ణి.

ఆయనది తోలుపని. ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిలలకు తోలు తొండాలు కుట్టేవాడు, చినిగితే మాసికలు వేసేవాడు. అందుకు రైతులు డబ్బివ్వరు. పంట కళ్లానికి వచ్చినప్పుడు గంపెడు గింజలు పోస్తారు. దాన్ని మేర అంటారు. మేర ఉన్నవాడు ఆ ఇంటి పనికి డబ్బు పుచ్చుకోడు. పుచ్చుకుంటే ఆ రోజుతో కూలివాడైనట్టే, మేర అడిగే హక్కు పోతుంది. ఆ గంపల మీదే తిమ్మన్న, భార్య సుంకమ్మ, నలుగురు పిల్లలు ఏడాదంతా బతికేవాళ్ళు.

అరవై మూడులో మా నాయన హనుమంతరాయుడు ఆయిలింజను కొన్నాడు. కపిల విప్పించి ఎద్దుల్ని అమ్మేశాడు. తిమ్మన్న వచ్చి మా అరుగు కింద నిలబడి అడిగాడు.

"నా మేర ఉండాదా సామీ?"

"కళ్లం నాటికి చూద్దాంలే" అన్నాడు నాయన.

రాగి పైరు వెన్ను తీసే రోజుల్లో ఇంజనుకు ఆయిలు మార్చాల్సి వచ్చింది. మెకానిక్కు దండగని నేనే పూనుకున్నాను. అప్పటికి నాకు పాతికేళ్ళు, తెలియనిదేదీ లేదనుకునే వయసు. అడుగు బోల్టు విప్పి నల్లటి పాత ఆయిలును డబ్బాలోకి పట్టాను. బండి ఇరుసుకు కావాలని పక్క చేని గురప్ప అడిగితే డబ్బా ఇచ్చేశాను. కొత్త ఆయిలు పోశాక చూస్తే బోల్టు దగ్గర చుక్కచుక్కగా కారుతోంది. పానాతో ఎంత బిగించినా ఆగలేదు. బోల్టుకు ఉండాల్సిన పలచటి వాషరు పాత ఆయిల్లో పడి గురప్ప ఇంటికి పోయిందని అప్పుడు తట్టింది. నేను పరుగెత్తేసరికి ఆయన ఇరుసులకు పూసుకుని, మిగిలింది కంపల్లో పారబోశాడు. ఎంత వెతికినా దొరకలేదు.

గుడ్డపీలిక చుట్టాను, సబ్బు అద్దాను. ఇంజను వేడెక్కగానే మళ్ళీ కారింది. ఆయిలు లేకుండా తోలితే ఇంజను పట్టేస్తుంది. తాడిపత్రి షాపులో అడిగితే వాషరు రావడానికి పది రోజులన్నారు. పైరు ఆకులు అప్పటికే చుట్టుకుంటున్నాయి.

నాయన తిమ్మన్నకు కబురు పెట్టాడు. ఆయన బోల్టును అటూ ఇటూ తిప్పి చూసి, ఎద్దుతోలు ముక్కను తోలు కోసే రంపెతో గుండ్రంగా కోశాడు. నడుమ బెజ్జం చేసి, రాతి మీద కొట్టి పలచన చేసి, మధ్యాహ్నం దాకా ఆముదంలో నానేశాడు. నేను పానా పట్టి బలమంతా పెట్టబోతే ఆపాడు.

"అంత బలం వద్దు సామీ, తోలు నలిగిపోతాది. చేతికి ఆగినాక అర తిప్పు తిప్పితే సాలు."

గంటసేపు ఇంజను తోలాం. కింద పరిచిన కాగితం పొడిగానే ఉంది.

నాయన రూపాయి తీసి ఇవ్వబోయాడు. తిమ్మన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"దుడ్లు వద్దు సామీ. కళ్లంలో నా మేర పోయండి, అదే పదివేలు."

నాయన నవ్వి రూపాయిని బొడ్లో దోపుకున్నాడు. ఆ నవ్వు ఒప్పుకోలని తిమ్మన్న అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

పుష్యమాసంలో కళ్లం చేశాం. పంట బాగా వచ్చింది. తిమ్మన్న గంప తెచ్చి వరసలో నిలబడ్డాడు. చాకలికి, కమ్మరికి పోసిన నాయన ఆయన దగ్గరికి వచ్చేసరికి చేట దించాడు.

"నీకేంటికప్పా? కపిల యాడుండాది?"

"ఇంజనుకు ఏసింది తోలే కదా సామీ."

"దానికి రూపాయి ఇస్తే నీవే వద్దంటివి. నన్నేం చేయమంటావు?"

తిమ్మన్న నా వైపు చూశాడు. వాషరు పోగొట్టింది నేను. ఆయన మేర అడగడం విన్నది నేను. ఒక్క మాటంటే చాలు, నలుగురిలో నాయన కాదనేవాడు కాదు. నాయన మొహం చూసి నేను తల దించుకుని రాగులు మూటకెత్తాను. సిగ్గులేని పని.

నెల తిరక్కముందే తిమ్మన్న పెళ్ళాం పిల్లలతో తాడిపత్రి బండల పనికి పోయాడు. ఆరేళ్ళు ఆ దుమ్ము మింగి, దగ్గి దగ్గి చచ్చిపోయాడు. కబురు తెలిసి పరామర్శకు వెళ్ళాను. సుంకమ్మ నన్ను తిట్టలేదు, మంచినీళ్ళిచ్చింది.

"నీవైనా ఒక మాట అంటావని ఆ దినం నీ పక్క చూసినాడంట సామీ" అంది. "ఇంటికొచ్చి అదొక్కటే చెప్పినాడు."