అత్తయ్య వేసిన డబల్

మొన్న శనివారం క్లబ్బులో నాకు కొత్త పార్ట్‌నర్ కుదిరింది. హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడ చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న అమ్మాయి. కూర్చోగానే, "ఆంటీ, ముందుగాల మన డబల్స్‌కి అర్థాలు అనుకుందాం" అంది. అంతే, ముక్కలు పంచకముందే నాకు చూలైలో మా వంటిల్లు, అక్కడ పొట్లకాయ తరుగుతూ నాతో పోట్లాడిన మా అత్తయ్య గుర్తుకొచ్చారు.

అత్తయ్య, మామయ్య బ్రిడ్జి పేకాటలో జంట. ఆ ఆటలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. చేతిలో ఏముందో వేలంపాటలోనే చెప్పుకోవాలి, సైగలు పనికిరావు. ఎదుటివాళ్ళ పాట మీద డబల్ అంటే పాతకాలంలో ఒకటే అర్థం: మీరు ఓడిపోతారు, శిక్ష రెట్టింపు అని. ఇప్పటివాళ్ళకు, పాట చిన్నదిగా ఉన్నప్పుడు, అది పార్ట్‌నర్‌కు చేసే విన్నపం: ఇంకా ఎవరూ పాడని రంగు నా దగ్గరుంది, నువ్వు చెప్పు అని. ఏ అర్థమో ముందే ఒప్పుకోకపోతే కొంప మునుగుతుంది.

మామయ్య పోయాక అత్తయ్య క్లబ్బు మానేశారు. సాయంత్రాలు గోడకేసి చూస్తూ కూర్చునేవారు. ఆమెను మళ్ళీ బల్ల దగ్గరికి తీసుకెళ్ళాలనే నేను ఆట నేర్చుకున్నాను. ఈ విజయవాడ కోడలు పుస్తకాలు చూసి నేర్చుకుంది కనుక కొత్త అర్థాలు పట్టుకొచ్చింది. అక్కడే వచ్చింది తంటా.

"డబల్ అంటే వాళ్ళ కథ ముగిసిందని దా. దాంట్లో నువ్వు చెప్పేదేముండాది? మీ మామా నేనూ అట్నే దా ఆడినాం" అనేవారు అత్తయ్య, మాటకో అరవ 'దా' తగిలిస్తూ. అది పెద్ద పాటలకండీ అత్తయ్యా, అనేదాన్ని నేను. పొట్లకాయ చక్రాలు మందమయ్యేవి. సౌకార్‌పేటకు ఆటోలో వెళుతూ కూడా అదే గొడవ. శిక్ష, ఒప్పందం, మామయ్య అన్న మాటలు విని ఆస్తి పంపకాలనుకున్నాడేమో, ఆటో అతను వెనక్కి తిరిగి "విడుమ్మా, పెద్దవాళ్ళు" అని, వదిలెయ్యమంటూ నాకే బుద్ధి చెప్పాడు. ఒకరోజు అత్తయ్య కత్తిపీట పక్కకు జరిపి, "ఆయనతో ఆడిన ఆటలో నాకు మిగిలింది ఇదొకటే దా మా" అన్నారు. నేనింక ఆ ఊసెత్తలేదు.

క్లబ్బు పోటీకి ముందురోజు మాత్రం ఆమే, "సరేమా, నీ అర్థమే పెట్టుకో" అన్నారు. సంతోషమేసింది గానీ, నమ్మకం కుదరలేదు.

పోటీలో నేను డైమను పాడాను. నా ఎడమపక్కాయన ఇస్పేటు అన్నాడు. అత్తయ్య డబల్ కార్డు పెట్టారు. కుడిపక్కావిడ నా వైపు తిరిగి, "ఈ డబల్‌కి అర్థమేమిటి?" అని అడిగింది. నియమం ప్రకారం జవాబు చెప్పాల్సింది వేసినవాళ్ళు కాదు, పార్ట్‌నరే. నా చేతిలో ఇస్పేటు ఒక్క ముక్కే ఉంది. అత్తయ్య దగ్గర ఇస్పేట్లు దండిగా ఉండి, అలవాటు కొద్దీ మామయ్య డబలే వేశారేమో! అలాగైతే నేను పాడి మునుగుతాను. ఈ పూట చెడితే ఆమె మళ్ళీ క్లబ్బు గడప తొక్కరు.

"ఆటీన్లు ఉన్నాయట. నన్ను చెప్పమంటున్నారు" అన్నాను. రెండు ఆటీన్లు పాడాను. అందరూ పాస్ అన్నారు. పాట దక్కినవాళ్ళ పార్ట్‌నర్ ముక్కలన్నీ బల్ల మీద పరవాలి. అత్తయ్య ముందు ఆటీన్లే పెట్టారు, రాజుతో సహా నాలుగు. ఇస్పేట్లు చివర్న రెండు చిన్న ముక్కలు. నాకు కళ్ళు చెమర్చాయి. ముక్కలు పరిచినవాళ్ళు నోరు విప్పకూడదు గానీ, అత్తయ్యకు ఆ నియమం ఎప్పుడూ పట్టలేదు.

"ఏడుపెందుకు? ఆట చూడు మా" అన్నారు.

ఆ తర్వాత చాలాకాలం ఆడాం. ఇప్పుడు అత్తయ్య లేరు. మొన్న ఆ అమ్మాయికి మా ఒప్పందమే చెప్పాను: చిన్న పాటల్లో నువ్వు చెప్పు అని, పెద్ద పాటల్లో శిక్ష అని. నవ్వింది. "అది పాత పద్ధతి ఆంటీ. ఇప్పుడు పెద్ద పాటల్ల కూడా నువ్వు చెప్పు అనే పెట్టుకుంటున్రు" అంది. అట్లా కుదరదనే మాట నా నోటిదాకా వచ్చింది. ముక్కలు ఒకటికి రెండుసార్లు సర్దుకున్నాను.

చివరికి "సరేమా" అన్నాను. ఆ మాట అనడానికి అత్తయ్యకు పట్టిన కాలం ఏమంత ఎక్కువ కాదని ఇప్పుడనిపిస్తోంది.