జాలీ తీసిన చెయ్యి

అతను కాగితం మిల్లులో ఫిట్టరు. తిరిగే రోలర్ల మధ్య చేతులు నలిగిపోవడం రెండుసార్లు కళ్ళారా చూశాక ఇక ఊరుకోలేక, పాత ఇనప కమ్మీలు వెల్డింగు చేసి మూడో యంత్రానికి తనే అడ్డుగా ఒక జాలీ బిగించాడు. మేనేజరు భుజం తట్టి మెచ్చుకున్నాడు. జాలీ తీయగానే యంత్రం దానంతటదే ఆగిపోయేలా ఒక స్విచ్చి పెట్టించమంటే మాత్రం "చూద్దాంలే" అన్నాడు. ఏడాది గడిచినా ఆ చూడటం అవలేదు.

ఆ యంత్రం మీద పనిచేసేది అతని చెల్లెలి భర్తే. కాగితం తెగినప్పుడల్లా జాలీ విప్పి పక్కన పెట్టేసేవాడు.

"చెయ్యి పోతుంది బావా, నా మాట విను."

"నీ జాలీ విప్పి బిగించేలోపు సూపర్‌వైజరు నా తోలు తీస్తున్నాడు. ముందు ఆయనకి చెప్పు."

ఆయనకీ చెప్పాడు. గోడకు చెప్పుకున్నట్టే అయింది.

ఒక మధ్యాహ్నం ఆ రోలర్లు చెల్లెలి భర్త కుడిచేతి నాలుగు వేళ్ళూ లాగేసుకున్నాయి.

విచారణలో ఫిట్టరును ఒక్కటే అడిగారు, జాలీ ఎవరు తీశారని. అతను స్విచ్చి సంగతి చెప్పబోయాడు.

"అడిగినదానికే జవాబు చెప్పండి."

చెప్పాడు. బావేనని రాసిన కాగితం మీద సంతకం పెట్టాడు. తప్పు పనివాడిదేనని తేల్చేశారు.

ఆస్పత్రికి వెళ్ళేసరికి చెల్లెలు భర్త చొక్కాకు గుండీలు పెడుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"సంతకం పెట్టింది నువ్వేనా అన్నయ్యా?"

అతను మంచం పక్కనే నిలబడిపోయాడు.

"బావేం చేస్తాడే పాపం," అన్నాడు చెల్లెలి భర్త. "కూర్చోమను."