కరువులో కట్టిన గోడ

కుందుర్పి దగ్గర మా ఊళ్లో పాత రాతి చర్చి ఉంది. నిరుడు దాని పక్కగోడ బీటలిస్తే, కూల్చి కొత్తది కట్టమని ఫాదర్ మా నాయనను పిలిపించారు. నాయన మేస్త్రీ. నేనూ ఆయనతో పనికి వెళ్లేదాన్ని.

నాయన రాళ్ల మధ్య సున్నాన్ని ఉలితో పొడిచి చూశాడు. ఉలి దిగలేదు.

"ఎవురు కట్టినారు ఫాదర్ దీన్ని?"

"వెనకటి కరువులో పనుల్లేని మీ ఊరోళ్లే. గంజి తాగి కట్టినారంట."

నాయన గోడ మీద చెయ్యి పెట్టి రాళ్ల అతుకులు తడిమి చూశాడు. "కడుపు మాడతాన్నా పనిలో మోసం చేయలేదు చూడు పాపా. దీన్ని కూల్చేదానికి నాకు చేతులు రావు," అన్నాడు.

ఫాదర్ సరేనన్నారు. సున్నంలో బెల్లం నీళ్లు కలిపి నూరి, బీటలు మాత్రం పూడ్చాం. తర్వాతి వానకు లోపల చుక్క తడి కనబడలేదు.

తాను కట్టిన ఇళ్ల గురించి ఎన్నడూ చెప్పుకోని నాయన, ఆ గోడను మాత్రం ఇంటికొచ్చిన చుట్టాలందర్నీ తీసుకెళ్లి చూపిస్తున్నాడు.